తలుపు అవతలి గొంతు

మన క్యాంపస్‌లో నిర్వాణ టీషర్టు వేసుకున్నవాళ్లని లెక్కపెడితే ఒక సెక్షన్‌కి సరిపడా తేలతారు. వాళ్లలో సగంమందికి అది బ్యాండ్ పేరని కూడా తెలీదు, అది వేరే సంగతి. ఈ వ్యాసం మాత్రం కర్ట్ కొబేన్ గురించి కాదు. అదే సియాటెల్ ఊరివాడు, అదే కాలంవాడు, అదే ఏప్రిల్ 5న పోయిన ఇంకొకడి గురించి. కొబేన్ 1994లో పోతే ఇతను సరిగ్గా ఎనిమిదేళ్లకు, 2002లో పోయాడు. పేరు లేన్ స్టేలీ. ఆలిస్ ఇన్ చెయిన్స్ అనే హార్డ్ రాక్ బ్యాండ్ గాయకుడు. అతని బొమ్మ ఉన్న టీషర్టు మన దగ్గర నేనింతవరకూ చూడలేదు.

నాకు అతను సెకండియర్‌లో దొరికాడు. మర్నాడు మిడ్ ఎగ్జామ్. యూట్యూబ్‌లో ఏదో లెక్చర్ పెట్టుకుని, అది అయిపోయాక పాటలు పెట్టుకుని, ఆ పాటల వెంట తనంతట తనే ఇంకో పాట మొదలైంది. స్టేజీ నిండా కొవ్వొత్తులు. ఒకతను కూర్చుని గిటార్ మీటుతున్నాడు. మిగతావాళ్లు ఒక్కొక్కరుగా వచ్చి కూర్చుంటున్నారు. గులాబీ రంగు వేసిన జుట్టు, నల్ల కళ్లద్దాలు, ఒంటినిండా నల్లబట్టలతో సన్నగా ఒకతను వచ్చి మైకు ముందు కూర్చున్నాడు. జనం లేచి అరుస్తున్నారు. అతను పెద్దగా చలించలేదు. పాడటం మొదలుపెట్టాడు.

నా ఇంగ్లిష్ అంతంత మాత్రం. సగం మాటలు అర్థం కాలేదు. అయినా పక్క మంచం మీద కూర్చుని ఎవరో తన గోడు చెప్పుకుంటున్నట్టు అనిపించింది. ఆ పాట పేరు 'నట్‌షెల్'. ఆ కచేరీ 1996 ఏప్రిల్ 10న న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని మెజెస్టిక్ థియేటర్‌లో జరిగింది. ఆ రాత్రి పాడిన పదమూడు పాటలే తర్వాత 'అన్‌ప్లగ్డ్' ఆల్బమ్ అయ్యాయి. ఆ రాత్రి తర్వాత నేను ఆ ఆల్బమ్ ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మిడ్‌లో మార్కులు ఎన్నొచ్చాయో మాత్రం లెక్కుంది, చెప్పను.

అన్‌ప్లగ్డ్ అంటే తెలియనివాళ్లకి ఒక్క ముక్కలో చెప్తాను. ఎంటీవీ 1989లో మొదలుపెట్టిన కార్యక్రమం అది. పెద్ద పెద్ద బ్యాండ్‌లని పిలిచి, ఎలక్ట్రిక్ గిటార్లు పక్కన పెట్టించి, మామూలు గిటార్లతో వాయించమంటారు. హార్డ్ రాక్ వాళ్లకి ఇది అగ్నిపరీక్షే. మామూలుగా ఆ సంగీతంలో డిస్టార్షన్ అనే మందపాటి దుప్పటి ఉంటుంది. గొంతు కాస్త జారినా, వేలు కాస్త తడబడినా ఆ హోరు కప్పేస్తుంది. దుప్పటి లాగేస్తే పాటలో ప్రాణముందో లేదో, పాడేవాడిలో సత్తువుందో లేదో బయటపడిపోతుంది. లేన్ విషయంలో రెండూ బయటపడ్డాయి. పాటలో ప్రాణముందని, పాడేవాడి ఒంట్లో సత్తువ అయిపోతోందని.

ఇక మొదటినుంచి చెప్తాను.

లేన్ 1967 ఆగస్టు 22న వాషింగ్టన్ రాష్ట్రంలోని కిర్క్‌లాండ్‌లో పుట్టాడు. అది సియాటెల్‌కి సరస్సు అవతలి ఊరు. ఏడేళ్ల వయసులో అమ్మానాన్న విడిపోయారు. నాన్న వెళ్లిపోయాడు, చాలా ఏళ్లు అయిపు లేదు. అమ్మ మళ్లీ పెళ్లి చేసుకుంది. బళ్లో కొన్నాళ్లు మారుటి తండ్రి ఇంటిపేరుతోనే చెలామణీ అయ్యాడు. పన్నెండేళ్లప్పుడు డ్రమ్స్ పట్టాడు. టీనేజిలో బ్యాండ్‌లలో వాయిస్తూనే, వెనకాల కూర్చోవడం తన పని కాదని తేల్చుకుని డ్రమ్స్ వదిలేసి మైకు పట్టుకున్నాడు. నాన్న ఎప్పటికైనా తనని వెతుక్కుంటూ వస్తాడని, అందుకు తను పేరున్నవాడు కావాలని చిన్నప్పుడు అనుకునేవాడట. ఈ ముక్క అతనే తర్వాత చెప్పుకున్నాడు.

1987లో సియాటెల్‌లో 'మ్యూజిక్ బ్యాంక్' అని ఒక రిహార్సల్ స్థలం ఉండేది. పాత గోడౌన్ లాంటి చోట అద్దెకిచ్చే గదులు, రాత్రీ పగలూ ఎవరో ఒకరు వాయిస్తూనే ఉండేవాళ్లు. లేన్ అక్కడే ఉండేవాడు. అప్పుడే జెర్రీ కాంట్రెల్ అనే గిటారిస్టు పరిచయమయ్యాడు. జెర్రీకి అప్పుడు ఇరవై ఒక్కేళ్లు. ఆ ఏడాదే తల్లి క్యాన్సర్‌తో పోయింది, ఉండటానికి ఇల్లు లేదు. పరిచయమైన కొద్ది రోజులకే లేన్ అతన్ని తన గదికి తీసుకెళ్లి అక్కడే ఉండమన్నాడు. ఆలిస్ ఇన్ చెయిన్స్ చరిత్ర అంతా ఇక్కణ్నుంచే మొదలవుతుంది. రికార్డు కంపెనీ కాంట్రాక్టుకంటే ముందు ఒక తలుపు తెరుచుకుంది. తెరిచినవాడు లేన్. ఈ సంగతి గుర్తుంచుకోండి.

షాన్ కిన్నీ డ్రమ్స్‌కి, మైక్ స్టార్ బేస్‌కి చేరారు. 1990 ఆగస్టులో మొదటి ఆల్బమ్ 'ఫేస్‌లిఫ్ట్' వచ్చింది. అందులో 'మ్యాన్ ఇన్ ది బాక్స్' పాట టీవీలో మారుమోగింది. నెవర్‌మైండ్ రావడానికి అప్పటికింకా ఏడాది ఉంది. సియాటెల్ అనే ఊరొకటుందని ప్రపంచానికి ఇంకా సరిగ్గా తెలీదు.

వీళ్ల పాటల్లో నన్ను పట్టేసింది రెండు గొంతులు. మన పాటలు అలవాటైన చెవికి ఇది కొత్తగా ఉంటుంది. మన డ్యూయెట్‌లో ఎక్కువగా ఒకరి తర్వాత ఒకరు పాడతారు. కోరస్ అయితే అందరూ ఒకే వరస అందుకుంటారు. ఇళయరాజా లాంటివాళ్ల పాటల్లో తప్పితే ఒకే క్షణంలో రెండు వేరువేరు స్వరాలు కలిసి నడవడం తక్కువగా వింటాం. లేన్, జెర్రీ పాడేది అచ్చంగా అదే. ఒకే మాట, ఒకే తాళం, రెండు స్వరాలు. ఒకటి కొంచెం పైన, ఒకటి కొంచెం కింద. హాయిగా అతుక్కోవు, అలాగని విడిపోవు. ఎవరిది ఏ గొంతో కొన్నిచోట్ల కనిపెట్టలేం. అన్‌ప్లగ్డ్‌లో 'నో ఎక్స్‌క్యూజెస్' వినండి. ఆ రెండు గొంతులూ భుజాల మీద చేతులేసుకుని నడుస్తున్నట్టుంటాయి. ఒకడు తూలితే ఇంకొకడు పట్టుకునేలా.

తూలే రోజులు తొందరగానే వచ్చాయి. మొదటి ఆల్బమ్ తర్వాతి టూర్లలోనే లేన్‌కి హెరాయిన్ అలవాటు ముదిరింది. 1992 సెప్టెంబర్‌లో వచ్చిన 'డర్ట్' ఆల్బమ్‌లో సగం పాటలు దాని గురించే. గొప్పలు చెప్పుకోవడం కాదు, ఎంత లోతుకి పడ్డాడో కొలిచి చెప్పినట్టుంటాయి. 'యాంగ్రీ చెయిర్' పూర్తిగా లేన్ సొంత పాట. 'వుడ్?' జెర్రీ రాసింది. మదర్ లవ్ బోన్ బ్యాండ్ గాయకుడు ఆండ్రూ వుడ్ 1990లో ఇదే మత్తుకి బలైతే, ఆ స్నేహితుడిని తలుచుకుని రాశాడు. దాన్ని పాడే లేన్ అదే దారిలో ఉన్నాడు. పాడుతున్నప్పుడు అతనికి తెలీదా అంటే, తెలీకుండా ఎలా ఉంటుంది?

అదే ఆల్బమ్‌లో 'రూస్టర్' అని ఇంకో పాట. జెర్రీ వాళ్ల నాన్న వియత్నాం యుద్ధంలో పనిచేశాడు, రూస్టర్ ఆయన ముద్దుపేరు. యుద్ధం నుంచి మనిషి తిరిగొచ్చినా మనసు తిరిగిరాక, కొడుక్కి దూరమైపోయిన తండ్రి. జెర్రీ ఆయన వైపునుంచి ఆ పాట రాశాడు. పాడింది లేన్. సొంత తండ్రి కోసం చిన్నప్పటినుంచి ఎదురుచూసిన కుర్రాడు స్నేహితుడి తండ్రి గొంతై పాడాడు. ఈ సంగతి తెలిశాక ఆ పాట నాకు మునుపటిలా వినపడలేదు. అన్‌ప్లగ్డ్‌లో ఆ పాట మొదట్లో గొంతు దాదాపు గుసగుసలా ఉంటుంది. తర్వాత లేస్తుంది. హోరు గిటార్లు లేకుండా అంత ఎత్తుకి ఎలా లేపాడో ఇప్పటికీ అంతుపట్టదు.

లేన్ గురించి చెప్పేటప్పుడు ఒక పొరపాటు జరుగుతుంటుంది. నేనూ చేశాను. మత్తు వల్లే అంత గొప్పగా పాడాడని, బాధ లేకపోతే కళ లేదని అనేస్తుంటాం. దీనికి అతని జీవితమే జవాబు. మ్యూజిక్ బ్యాంక్ రోజుల్లో, అంటే హెరాయిన్ రాకముందే, ఆ గొంతు విన్నవాళ్లు నోరు తెరిచారు. మత్తు అతనికి ఏమీ ఇవ్వలేదు. ఒక్కొక్కటీ తీసుకుపోయింది. తన పాటలు విని కొందరు అభిమానులు మత్తులో ఊగుతూ వచ్చి బొటనవేలెత్తి చూపించేవాళ్లని, తను కోరుకున్నది సరిగ్గా దానికి వ్యతిరేకమని లేన్ 1996లో ఒక పత్రికతో చెప్పుకుని బాధపడ్డాడు. అది చదివిన రోజు నా వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్న అతని బొమ్మ తీసేశాను. సిగరెట్ పట్టుకుని నీరసంగా వాలిపోయి ఉన్న బొమ్మ అది. చూడ్డానికి కూల్‌గా ఉందని పెట్టుకున్నాను.

ఈ బ్యాండ్ గిటార్ల హోరు పక్కన పెట్టడం ఎంటీవీ అడిగితే మొదలైంది కాదు. 1992 ఫిబ్రవరిలోనే 'సాప్' అని చిన్న అకౌస్టిక్ రికార్డు విడుదల చేశారు. ఆ పేరుతో రికార్డు చేసినట్టు డ్రమ్మర్ షాన్‌కి కలొచ్చిందట, కలని కాదనకూడదని చేసేశారు. 1993లో మైక్ స్టార్ బ్యాండ్ వదిలాడు, అతని చోటికి మైక్ ఐనెజ్ వచ్చాడు. ఆ ఏడాది పెద్ద టూర్ ముగించుకుని ఇంటికి తిరిగొస్తే, అద్దె కట్టలేదని ఇల్లు ఖాళీ చేయించారు. లక్షల రికార్డులు అమ్మినవాళ్లకి పడుకోవడానికి చోటు లేదు. పోయి లండన్ బ్రిడ్జ్ స్టూడియోలో మకాం పెట్టి, వారం పది రోజుల్లో ఏడు పాటలు రాసి రికార్డు చేసేశారు. అదే 'జార్ ఆఫ్ ఫ్లైస్'. 1994 జనవరిలో విడుదలై నేరుగా బిల్‌బోర్డ్ మొదటి స్థానంలో దిగింది. ఒక ఈపీకి అలా జరగడం అదే మొదటిసారి. 'నట్‌షెల్' అందులోదే.

అక్కడితో కచేరీలు ఆగిపోయాయి. లేన్ ఆరోగ్యం సహకరించలేదు. ఒప్పుకున్న టూర్లు రద్దయ్యాయి. స్నేహితులు ఊరుకోలేదు. పెర్ల్ జామ్ గిటారిస్టు మైక్ మెక్‌క్రెడీ తను చికిత్స తీసుకుని బయటికొచ్చాక, మత్తు మానినవాళ్ల మధ్య ఉంటే లేన్ కూడా మారతాడేమోనని మ్యాడ్ సీజన్ అనే కొత్త బ్యాండ్‌లోకి పిలిచాడు. 1995లో 'అబవ్' అనే చక్కటి ఆల్బమ్ వచ్చింది, అట్టమీద బొమ్మ కూడా లేన్ గీసిందే. ఆల్బమ్ నిలిచింది, అతను మారలేదు. ఆ బ్యాండ్‌లో బేస్ వాయించిన జాన్ బేకర్ సాండర్స్ కూడా 1999లో హెరాయిన్‌కే పోయాడు.

అదే 1995 నవంబర్‌లో ఆలిస్ ఇన్ చెయిన్స్ మూడో పూర్తి ఆల్బమ్ వచ్చి మళ్లీ మొదటి స్థానానికి వెళ్లింది. అయినా టూర్ లేదు. జనం ముందుకొచ్చి రెండేళ్లు దాటిపోయింది. ఇలాంటి పరిస్థితిలో ఒప్పుకున్న కచేరీ అన్‌ప్లగ్డ్.

ఆ రాత్రి గురించి ఒక అభిమానిగా గంటలు గంటలు చెప్పగలను. జెర్రీకి ఏదో తిని కడుపు పాడైంది, ఒంట్లో బాగోలేకే వాయించాడు. రెండో గిటార్‌కి స్కాట్ ఓల్సన్‌ని తెచ్చుకున్నారు. ముందు వరసల్లో మెటాలికా వాళ్లు కూర్చున్నారు. వాళ్లు అప్పుడే జుట్లు కత్తిరించుకున్నారు. అందుకని మైక్ ఐనెజ్ తన బేస్ గిటార్ మీద, మంచి స్నేహితులైతే ఇలాంటి క్షవరం చేయించుకోనివ్వరని అర్థం వచ్చేలా రాసుకొచ్చి ఆటపట్టించాడు. 'స్లడ్జ్ ఫ్యాక్టరీ' దగ్గర లేన్ మాటలు తప్పాడు. ఒక తిట్టు తిట్టుకుని ఆగిపోయాడు. ఎవరూ కంగారుపడలేదు. జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. మళ్లీ మొదటినుంచి అందుకున్నాడు. వైవాలో నోరు ఎండిపోయి ఆగిపోయిన ప్రతిసారీ నాకు ఈ దృశ్యమే గుర్తొస్తుంది. ఆగిపోవడం తప్పేం కాదు, మళ్లీ అందుకున్నాడా లేదా అన్నదే లెక్క.

గొంతు ఎలా ఉందంటే, 1992 నాటి గొంతు కాదు అది. బలం తగ్గింది. కొన్ని వాక్యాల చివర ఊపిరి చాలదు. 'డౌన్ ఇన్ ఎ హోల్' పాటలో పై స్వరానికి వెళ్లేటప్పుడు ఎక్కడ జారతాడోనని మన గుండె జారుతుంది. అతను జారడు. కింద జెర్రీ గొంతు ఉంటుంది. మొదటిసారి విన్నప్పుడు నేను లేన్ గొంతు ఒక్కటే విన్నాను. పదోసారో ఇరవయ్యోసారో విన్నప్పుడు గాని ఆ కింది గొంతు ఎంత పని చేస్తోందో తెలీలేదు. పక్కనున్నవాడి ఊపిరి ఎక్కడ ఆగుతుందో ముందే తెలిసినవాడు పాడినట్టుంటుంది. తొమ్మిదేళ్ల కింద తనకి చోటిచ్చినవాడికి జెర్రీ ఆ రాత్రి తన గొంతులో చోటిచ్చాడు అనిపిస్తుంది నాకు.

చివర్లో లేన్ కాస్త తేలికపడ్డాడు. ఇన్నేళ్లలో ఇంత మంచి షో చెయ్యలేదు అన్నట్టుగా మాట్లాడాడు. ఇన్నేళ్లలో మనం చేసిన షో ఇదొక్కటే కదా అని డ్రమ్స్ వెనక నుంచి షాన్ అందుకున్నాడు. అందరూ నవ్వారు. అక్కడున్న అందరినీ కౌగిలించుకోవాలని ఉందని, కానీ ఆ పని చెయ్యబోనని లేన్ అన్నాడు. ఇంకో పాట పాడి ముగించారు.

ఇప్పుడు తేదీలు చూడండి. ఆ కచేరీ మే 28న టీవీలో వచ్చింది. జూన్ చివర్లో కిస్ బ్యాండ్ కచేరీలకి ముందు ఆడటానికి ఒప్పుకుని నాలుగు షోలు చేశారు. నాలుగోది జులై 3న కాన్సస్ సిటీలో. అది అయ్యాక లేన్ డోసు ఎక్కువై స్పృహ తప్పితే ఆస్పత్రికి తీసుకెళ్లారు. అన్‌ప్లగ్డ్ ఆల్బమ్ జులై 30న షాపుల్లోకి వచ్చి బిల్‌బోర్డ్‌లో మూడో స్థానానికి వెళ్లింది. అంటే జనం ఆ ఆల్బమ్ కొనుక్కుని ఇంటికి తెచ్చుకునేసరికి, లేన్‌తో ఆ బ్యాండ్ ఆఖరి కచేరీ అయిపోయి దాదాపు నాలుగు వారాలు. ఎవరికీ తెలీదు. మళ్లీ వస్తారనే అనుకున్నారు.

ఆ అక్టోబర్‌లో, లేన్‌తో ఒకప్పుడు నిశ్చితార్థమైన అమ్మాయి మత్తుకే బలై చనిపోయింది. ఆ తర్వాత అతను మనుషుల్లోకి రావడం తగ్గించేశాడు. 1998లో బ్యాండ్‌తో రెండు పాటలు రికార్డు చేశాడు, ఆ బ్యాండ్‌తో అవే చివరివి. సియాటెల్ యూనివర్సిటీ డిస్ట్రిక్ట్‌లో, మనలాంటి స్టూడెంట్లు తిరిగే పేటలో ఒక ఫ్లాట్. అందులో టీవీ, వీడియో గేములు, బొమ్మలు గీసుకోవడం. తలుపు తియ్యడు. ఫోనెత్తడు.

ఎవరూ పట్టించుకోలేదని మాత్రం అనకండి. షాన్ వారానికి మూడేసి సార్లు ఫోన్ చేసేవాడు, ఆ వీధిలో వెళ్తే కిందనుంచి కేకలేసి పిలిచేవాడు. ఇంట్లోవాళ్లూ ప్రయత్నించారు. 2002 ఏప్రిల్ 4న పాత స్నేహితుడు మైక్ స్టార్ వెళ్లాడు. లేన్ పరిస్థితి చూసి అంబులెన్స్ పిలుస్తానన్నాడు. పిలిస్తే జన్మలో మాట్లాడనన్నాడు లేన్. మాటామాటా పెరిగింది. స్టార్ కోపంతో లేచి వచ్చేశాడు. వెళ్లొద్దని లేన్ వెనకనుంచి పిలిచాడు. ఈ సంగతంతా స్టారే ఏళ్ల తర్వాత టీవీలో ఏడుస్తూ చెప్పాడు. లేన్ తల్లి అక్కడే ఉండి, తప్పు నీది కాదని ఓదార్చింది. అయినా అతను ఆ బరువు దించుకోలేకపోయాడు. 2011లో అతనూ పోయాడు.

డాక్టర్లు తేల్చిన తేదీ ఏప్రిల్ 5. హెరాయిన్, కొకైన్ కలిసి చంపాయి. తలుపు తెరిచింది మాత్రం ఏప్రిల్ 19న. రెండు వారాలు. అనుమానం వచ్చింది కూడా లెక్కలు చూసేవాళ్లకి. రెండు వారాలుగా అకౌంట్‌లోంచి డబ్బు తియ్యలేదని వాళ్లు కబురు చేస్తే, తల్లి, మారుటి తండ్రి పోలీసులతో వెళ్లారు. అతనికి ముప్ఫై నాలుగేళ్లు. మర్నాటి రాత్రి సియాటెల్ సెంటర్‌లోని ఫౌంటెన్ దగ్గర అభిమానులు, స్నేహితులు కొవ్వొత్తులు వెలిగించారు.

ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. ఏ పాటలో ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో చెప్పగలను. అందుకే ఈ కిందిది రాయడానికి సిగ్గుగా ఉంది. రాయకపోతే పైనంతా రాసిన ప్రయోజనమూ లేదు.

పోయినేడాది సెమ్ రిజల్ట్స్ వచ్చాక, మా ఫ్లోర్‌లో మూడు గదుల అవతల ఉండే ఫ్రెండ్ ఒకడు మెస్‌కి రావడం మానేశాడు. నాలుగు సబ్జెక్టులు పోయాయి. సప్లీకి చదువుకుంటున్నాడనుకున్నాం. వాడి రూమ్మేట్ ఊరెళ్లాడు. రెండో రోజో మూడో రోజో తలుపు కొట్టాను. నిద్రపోతున్నానన్నాడు లోపలినుంచి. సరే అని వచ్చేసి ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాను. ఏం విన్నానో మీరు ఊహించగలరు. 1996లో వేల మైళ్ల అవతల పాడిన మనిషి గొంతులో నీరసాన్ని పట్టుకోగలిగిన నా చెవికి, పది అడుగుల దూరంలో తలుపు వెనక నుంచి వచ్చిన ఆ ఒక్క మాటలో నీరసం వినపడలేదు.

నాలుగో రాత్రి ఆల్బమ్ చివరికొచ్చింది. ఆ కౌగిలింత మాట దగ్గర ఎప్పుడూ నవ్వొచ్చేది, ఆ రాత్రి రాలేదు. అతనూ అలాగే అన్నాడు కదా, చెయ్యాలని ఉంది కానీ చెయ్యను అని. లేచి వెళ్లి మళ్లీ తలుపు కొట్టాను. జవాబు లేదు. కొట్టాను. వెళ్లిపోమన్నాడు. వెళ్లలేదు. అక్కడే కారిడార్‌లో గోడకానుకుని కూర్చుని నోటికొచ్చింది మాట్లాడాను. మెస్‌లో ఉప్మా ఎంత దరిద్రంగా ఉందో, ల్యాబ్ రికార్డు నేనెలా కాపీ కొట్టానో, అన్నీ. ఇంకో ఇద్దరు వచ్చి కూర్చున్నారు. తెల్లారకుండానే తలుపు తీశాడు. వాడి మొహం చూశాక మాకెవరికీ మాట పెగల్లేదు. ఇంటికి ఫోన్ చేయొద్దని బతిమాలాడు. చేస్తే మొహం చూడనన్నాడు. సరిగ్గా ఆ మాటే. నాకు స్టార్ గుర్తొచ్చాడు. వాడి ముందే వాళ్ల నాన్నకి ఫోన్ చేశాను. నెల రోజులు నాతో మాట్లాడలేదు.

నేనేదో గొప్ప పని చేశానని కాదు. షాన్ నాకంటే ఎన్నో రెట్లు ఎక్కువసార్లు పిలిచాడు, అయినా ఆ తలుపు తెరుచుకోలేదు. మాకు తెరుచుకుంది, అంతే. అదృష్టం కూడా ఉంటుంది. అవతలివాడి లోపల ఎంత చీకటి ఉందో బయటివాడికి తెలీదు. కానీ మొదటిసారి నిద్రపోతున్నానంటే నమ్మేసి వచ్చేసిన ఆ రెండు రోజులూ నావే. వాటికి సాకు లేదు.

ఆలిస్ ఇన్ చెయిన్స్ తర్వాత విలియం డువాల్ అనే గాయకుడితో మళ్లీ నిలబడింది. 2009లో వచ్చిన ఆల్బమ్ ఆఖర్న, లేన్‌కి వీడ్కోలుగా జెర్రీ ఒక పాట రాసి పాడాడు. అందులో పియానో వాయించింది ఎల్టన్ జాన్. 2019లో సియాటెల్ నగరం అతని పుట్టినరోజు ఆగస్టు 22ని లేన్ స్టేలీ దినంగా ప్రకటించింది. గుర్తుంచుకున్నారు, మంచిదే. అతనుంటే ఇంకా మంచిగా ఉండేది.

మా వాడు ఒక సెమ్ ఇంటి దగ్గరుండి, డాక్టర్‌కి చూపించుకుని, మళ్లీ వచ్చాడు. ఇప్పుడు మా జూనియర్లతో కూర్చుంటున్నాడు. ఇది రాస్తానంటే పేరు రాయకుండా రాసుకోమన్నాడు. ఈ ఆల్బమ్ వాడికీ వినిపించాను. మూడో పాటకే ఇయర్‌ఫోన్ తీసి చేతిలో పెట్టేశాడు. ఇంత ఏడుపు పాటలు ఎలా వింటావురా, తనకి థమన్ చాలట. వాడి మాట పట్టించుకోకండి. మీరు వినండి. రాత్రిపూట, ఇయర్‌ఫోన్స్‌తో, మొదటినుంచి చివరిదాకా. విన్నాక ఇయర్‌ఫోన్స్ తీసి ఒకసారి మీ ఫ్లోర్‌లో అన్ని గదుల్లోంచీ చప్పుడు వస్తోందో లేదో కూడా వినండి.